బరంపురంలో చిన్న కారు: మూడు మహానగరాల బండ్ల నుంచి మారుతి దాకా

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో ఎక్కువ భాగం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపడి అందులో చేరింది. బరంపురం పాలన చేతులు మారింది. తెలుగు ఇళ్లలో మాట మాత్రం మారలేదు, పెళ్లి సంబంధాలూ మారలేదు. పిల్లనిచ్చినా తెచ్చుకున్నా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం, విజయనగరం వైపే చూశారు. ప్రభుత్వపు పనులు మొదట కటకం, తరవాత భువనేశ్వర్ దారి పట్టాయి. చుట్టాలు దక్షిణాన, సర్కారు ఉత్తరాన ఉన్న ఊరు ఇది. ఇక్కడ సొంత బండి అవసరం ఎలా పుట్టిందో, ఎలాంటి బండి నిలిచిందో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ కారంటే జమీందార్లది, దొరలది. చిన్న కారు అన్న ఆలోచనను ఇంగ్లండులో 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ తెచ్చింది. మన వాళ్లు దాన్ని బేబీ ఆస్టిన్ అన్నారు. ఏడు వందల సీసీ దాటిన చిన్న ఇంజను, నలుగురు ఇరుక్కుని కూర్చోగల చోటు. డాక్టరో ప్లీడరో సొంత సంపాదనతో కొనుక్కోగలిగిన తొలి తరం కార్లలో అదొకటి. అయినా సామాన్య గృహస్థుకు రైలూ, ఒంటెద్దు బండీ, సైకిలూ తప్ప దిక్కు లేదు.

అసలు కథ 1950లలో మొదలవుతుంది. దేశంలో అప్పుడు కార్లు తయారయ్యే ప్రధాన కేంద్రాలు మూడు: కలకత్తా, బొంబాయి, మద్రాసు. కలకత్తా పక్కన ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి ఫియట్, కొంత ఆలస్యంగా మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారి హెరాల్డ్. బరంపురం మద్రాసు-కలకత్తా దారి మీద ఉన్న ఊరు. పాత అలవాటు మద్రాసుది, కొత్త బంధం ఉత్తరాదిది. ఊరి వైఖరి ఎటు మొగ్గినా, రోడ్డు రెండు వైపుల బండ్లనూ మోసుకొచ్చేది.

వీటిలో చిన్న కార్లన్న పేరుకు తగినవి ఫియట్, హెరాల్డ్. ప్రీమియర్ సంస్థ 1951లో ఫియట్ 500తో మొదలుపెట్టి, 1954 నుంచి ఫియట్ 1100 చేసింది. తొలి రోజుల ఫియట్ ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. చీర కట్టుకున్న పెద్దావిడ దిగడానికి ఎంతో వీలు, కదులుతున్న బండిలో గడియ ఊడితే అంత ప్రమాదం. గేరు స్టీరింగ్ కింద కాడకు ఉండేది కాబట్టి ముందు సీటు బెంచీలా ఒక్కటే. అక్కడ ముగ్గురు పెద్దలు కూర్చుంటే మధ్యలో ఓ పసివాడూ పట్టేవాడు. అదే బండి 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయి, ఆ వెంటనే ప్రీమియర్ పద్మిని అయి, 2000 ప్రాంతం దాకా బతికింది.

హెరాల్డ్‌ది వేరే తీరు. 1961 నుంచి మద్రాసులో తయారైన ఈ బండికి మొదట రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి దూరాలి. నేలకు దగ్గరగా కూర్చునే బండి. బానెట్టు ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకు వాలి, ఇంజనూ చక్రాలూ బయటపడతాయి. మెకానిక్కు పక్కన స్టూలు వేసుకు కూర్చుని పని చేసుకోగల ఏకైక బండి అది. దాని అందం గురించి ఎవరైనా చెప్పగలరు. దాన్ని నిలబెట్టింది ఈ సౌకర్యమేనని నా నమ్మకం.

ఈ ఊరు వాహనాల పేర్లను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పడానికి టాటా బెంజ్ స్క్వేర్ అనే కూడలి చాలు. టాటా, డైమ్లర్ బెంజ్ సంస్థల లారీల ఒప్పందం 1954లో మొదలై 1969తో ముగిసింది. బెంజ్ నక్షత్రం లారీల ముక్కు మీది నుంచి పోయి అర్ధశతాబ్దం దాటింది. బరంపురంలో రిక్షా ఎక్కినా, ఆటో ఎక్కినా ఆ కూడలిని ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

ఫియట్, హెరాల్డ్‌లు ఎంత మంచివైనా, కావాలనుకున్నవారికి దొరికే బండ్లు కావు. లైసెన్సుల కాలంలో ఏ కంపెనీ ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వమే చెప్పేది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. చవకైన చిన్న కారు కావాలని 1950ల చివర నుంచీ కమిటీలు చెబుతూనే ఉన్నాయి; బస్సులూ లారీలూ ముందు కావాలన్న వాదం వాటిని పక్కకు నెట్టింది. ఆ వాదాన్ని తప్పుపట్టలేం. గంజాం పల్లెలకు ఆనాడు బస్సు సౌకర్యమే అంతంత మాత్రం.

చిన్న కారు కథ మలుపు తిరిగిన మూడు చోట్లా ఒక్కో తెలుగు పేరు కనిపిస్తుంది. ఇది యాదృచ్ఛికమే గాని, బరంపురం తెలుగువారికి చెప్పుకోదగ్గ యాదృచ్ఛికం. ప్రధాని ఇందిరాగాంధీ కొడుకు సంజయ్ గాంధీ మారుతి లిమిటెడ్ 1971లో ఏర్పడి, పార్లమెంటులో దుమారం రేపినప్పుడు రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. 1894 ఆగస్టు 10న బరంపురంలో, ప్లీడరు జోగయ్య పంతులు ఇంట పుట్టినవారు. ఆ కంపెనీ కారు జనానికి అందకుండానే మూతపడింది. సంజయ్ మరణించిన ఏడాది, 1980లో, ఆ కంపెనీ ఆస్తులను ప్రభుత్వపరం చేసే చట్టం వచ్చినప్పుడు రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. మూడో పేరు దగ్గరికి తరవాత వస్తాను.

1981లో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. 1982లో జపాన్ సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983లో పదివేల రూపాయలు కట్టి బుక్ చేసుకోమంటే లక్షమందికి పైగా కట్టారు. ఆ ఏడాది డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి బండి తాళాలను హర్‌పాల్ సింగ్‌కు అందించారు. ఆయన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. తొలి బండి జమీందారుకో మంత్రికో కాక, జీతం మీద బతికే మనిషికి దక్కింది. ఆ బండే మారుతి ఎయిట్ హండ్రెడ్. ధర 47,500 రూపాయలు. మూడు సిలిండర్లు, 796 సీసీ, నాలుగు గేర్లు, పన్నెండు అంగుళాల చక్రాలు. 1986లో పైరూపం మారింది. ఇంజను అదే.

ఇంజను శక్తిని ముందు చక్రాలకే అందించడం ఈ బండిలో కొత్త. అంబాసిడర్, ఫియట్‌లలో ఇంజను ముందు, లాగే చక్రాలు వెనక. మధ్యలో పొడుగాటి షాఫ్టు బండి నేలను ఉబ్బెత్తుగా చేసేది. మారుతిలో ఆ ఉబ్బు తగ్గి, మూడుంపావు మీటర్ల పైచిలుకు పొడవులోనే ఓ కుటుంబం పట్టింది. అంబాసిడర్ దీనికంటే దాదాపు మీటరు పొడవు. బరంపురం పాత పేటల్లో ఈ మీటరే లెక్క. వరస ఇళ్లు, వీధి అరుగులు, గుమ్మానికి ఎదురుగా గుమ్మం. కార్‌షెడ్డు అన్న ఊహే లేని రోజుల్లో కట్టిన వీధులు. పెద్ద బజారు సందుల్లో అంబాసిడర్ ఆగితే దారి బందు. మారుతి అరుగును ఒరుసుకుని ఆగి, పక్కనుంచి రిక్షా పోనిచ్చేది. చైత్రంలో ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర జరిగే ఏడు మాత్రం ఏ బండీ కదలదు.

మారుతి తెచ్చిన పెద్ద మార్పు ఇంటివాళ్లు బండిలో కూర్చునే క్రమంలో కనిపించింది. అంబాసిడర్ ఉన్న ఇంట్లో డ్రైవరూ ఉండేవాడు. యజమాని వెనక కూర్చునేవాడు. మారుతిలో యజమానే స్టీరింగ్ పట్టాడు. భార్య ముందు సీటుకు వచ్చింది. అత్తగారూ పిల్లలూ వెనక్కి వెళ్లారు. తేలికైన స్టీరింగూ, మెత్తని క్లచ్చూ కలిసి ఆడవాళ్ల చేతికీ బండిని అందించాయి. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం, ఛత్రపురం దగ్గరి ఇండియన్ రేర్ ఎర్త్స్ వంటి సంస్థలున్న చోట జీతగాళ్ల బండికి గిరాకీ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. ఆ వెనకే పట్టు వర్తకులూ, అప్పడాలూ పచ్చళ్లూ అమ్మే దుకాణదారులూ వచ్చారు. వెనక సీటు మడిస్తే అది సరుకు బండి కూడా.

మారుతిని ఉంచుకోవడానికి ఓ విద్య కావాలి. డిసెంబరు తెల్లవారుజామున కార్బురేటరు బండి ఊరికే లేవదు. చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటరు ముట్టకుండా సెల్ఫ్ కొట్టాలి. ఇంజను అందుకోగానే చోక్‌ను కొద్దికొద్దిగా లోపలికి నెట్టాలి. తొందరపడి నెడితే ఆగుతుంది. మరిచిపోతే పెట్రోలు వాసన గుప్పుమంటుంది, ప్లగ్గులు మసిబారతాయి. ఓవర్‌ఫ్లో అయిన బండిని కాసేపు వదిలేయాలని తెలియని అల్లుడు పెళ్లివారి ముందు నలుగురి చేత తోయించేవాడు. క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు ఎప్పుడు తెగుతాయో చెప్పలేం కనుక, దూర ప్రయాణమైతే డాష్‌బోర్డులో కొత్తవి ఉండాల్సిందే. తలుపు మెల్లగా వేయమని ఎక్కిన ప్రతి చుట్టానికీ చెప్పుకోవాలి. అంబాసిడర్ తలుపు బాదిన చేతులవి. 2000 ప్రాంతంలో ఇంధన ఇంజెక్షన్ రావడంతో చోక్ విద్య అక్కర్లేకపోయింది.

బరంపురం నుంచి విశాఖపట్నం రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాట. నాలుగు వరసల రోడ్డు రాకముందు ఐదో నంబరు జాతీయ రహదారి మీద ఎదురుగా లారీ దూసుకుపోతే, ఏడు వందల కిలోలైనా లేని బండి పక్కకు ఊగేది. అయినా సింహాచలం, అరసవల్లి, అన్నవరం మొక్కులన్నీ ఈ బండిలోనే తీరాయి. పైన క్యారియరు మీద పట్టుచీరల పెట్టె, వెనక అప్పడాల కట్టలు.

సరిహద్దులోని గిరిసోలా దాటగానే నంబరు ప్లేటు పరాయిది అవుతుంది. గంజాంది ఓఆర్ 07, 2012 నుంచి ఓడీ 07. శ్రీకాకుళానిది ఏపీ 30గా ఉండేది. కొడుకు విశాఖలో ఉద్యోగంలో చేరి నాన్నగారి మారుతిని తీసుకెళ్తే, 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పన్నెండు నెలలు దాటితే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి, అక్కడి లైఫ్ ట్యాక్సు కట్టాలి, ఇక్కడ కట్టినదాంట్లో మిగిలినదాన్ని వెనక్కి అడగాలి. పాత బండి విలువకు ఆ తిరుగుడు గిట్టదు. అందుకే చాలా కుటుంబాల్లో కొడుకు కొత్త బండి కొనుక్కున్నాడు, మారుతి బరంపురంలో తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఊళ్లో పాత మారుతులు ఇన్ని మిగలడానికి మమకారంతో పాటు ఈ చట్టమూ ఒక కారణమని నేను అనుకుంటాను.

పూజ దగ్గర ఈ బండికి రెండు సంప్రదాయాల మర్యాదా దక్కింది. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. ఆ రోజు గ్యారేజీల్లో పని ముట్టరు, ఒడియా మెకానిక్కు తన చేతి కింది బండ్లన్నిటికీ పూలు పెడతాడు. దసరాకు తెలుగు యజమాని ఇంటి ముందు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాడు. కొత్త బండి కొన్నవారు ఋషికుల్య ఒడ్డున తారాతారిణి కొండకు తీసుకెళ్లడం భాషతో నిమిత్తం లేని ఆచారం.

ఈ బండికి పెద్ద శత్రువు సముద్రం. దగ్గరి గోపాలపూర్ తీరపు గాలి ఉప్పుది. మారుతి రేకు పలచన. తలుపుల అడుగు అంచులూ, చక్రాల పైవంపులూ ముందు పొక్కులు లేస్తాయి. అసలు నష్టం కనపడని చోట, మ్యాటు కింద జరుగుతుంది. వానాకాలం చెప్పులతో వచ్చిన నీరు అక్కడ నిలిచి, నేల రేకును తినేస్తుంది. ఓ రోజు మ్యాటు ఎత్తితే రోడ్డు కనిపిస్తుంది. తెలిసినవారు తొలకరికి ముందే అడుగున రక్షణ పూత వేయించి, తలుపుల కింది నీటి రంధ్రాలు పుల్లతో పొడిచి శుభ్రం చేస్తారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ జాగ్రత్తలేవీ పనికిరాలేదు. చెట్లూ కరెంటు స్తంభాలూ వీధుల్లో ఉన్న బండ్ల మీదే కూలాయి.

ముందు చెప్పిన మలుపుల్లో మూడో తెలుగు పేరు పాములపర్తి వెంకట నరసింహారావుది. ఆయన ప్రధానిగా ఉన్న 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన పోయింది. 1996 ఎన్నికల్లో ఆయన నంద్యాల, బరంపురం రెండు చోట్లా గెలిచి, బరంపురం స్థానాన్నే ఉంచుకున్నారు. ఆయన ఈ ఊరి ఎంపీగా ఉన్న కాలంలోనే కొత్త కంపెనీలు దేశంలోకి దిగుతున్నాయి. 1998లో శాంత్రో, ఇండికా కార్లు వచ్చాయి. బ్యాంకు అప్పులు తేలికయ్యాయి. మారుతి ఉన్నవాళ్లు పెద్ద బండ్లకు మారితే, వాళ్ల పాత ఎయిట్ హండ్రెడ్‌లు స్కూలు మాస్టార్లకూ, చిన్న వ్యాపారులకూ మొదటి కార్లయ్యాయి. మారుతిని నిజంగా ఊరంతటి బండి చేసింది ఈ సెకండ్ హ్యాండు దశే. చరిత్ర రాసేవాళ్లు కొత్త బండ్ల అమ్మకాలే లెక్కపెడతారు గనక ఇది వాళ్ల కంట పడదు.

2010 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధన పదమూడు నగరాల్లో అమలైంది. అక్కడ ఎయిట్ హండ్రెడ్ అమ్మకం ఆగింది. ఆ జాబితాలో హైదరాబాద్ ఉంది, బరంపురం లేదు. రాజధాని తెలుగువారికి దొరకని కొత్త ఎయిట్ హండ్రెడ్‌కు గంజాంలో మరికొన్నాళ్లు దారి తెరిచే ఉంది. 2014 జనవరి 18న, ఫైలిన్ వచ్చి మూడు నెలలు దాటాక, తయారీ ముగిసింది.

కారు రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్‌సీ) పదిహేనేళ్లు చెల్లుతుంది. తరవాత ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ దాకా ఆ రుసుము ఆరు వందల రూపాయలు, ఆ ఏప్రిల్‌లో ఐదు వేలైంది. చివరి ఎయిట్ హండ్రెడ్‌ల తొలి గడువు 2029లో తీరుతుంది. పొడిగింపుకు బండిని చూపించాలి. చూపించే ముందు టింకరింగు షాపులో నేల రేకు కొత్తది వేయించాలి, సైలెన్సరు మార్చాలి, పొగ పరీక్ష చేయించాలి. ఆ ఖర్చు కొన్నిసార్లు బండి ధరను మించుతుంది. గంజాంలో ఇప్పటికీ ఆ ఖర్చు పెట్టి, ఆర్‌సీ మీద కొత్త ముద్ర వేయించుకుని తెచ్చుకుంటున్నవాళ్లున్నారు.