తండ్రి సంతకం ఎక్కడ?

పోయిన ఆదివారం మీటింగులో ఒక చెల్లెలు అడిగిన దానికి అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేకపోయినాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేసి రాస్తున్నాను. పొడుగైతే ఓర్చుకోండి.

ఆమే, భర్తా విడిపోయి పదేళ్ళు. కూతురికి కాలేజీలో సీటొచ్చింది. స్కాలర్‌షిప్పు కోసం ఆదాయ సర్టిఫికెట్టుకు పోతే తండ్రి ఆదాయం కూడా చూపించమన్నారట. ఆ మనిషి ఏ ఊర్లో ఉన్నాడో వీళ్ళకు తెలియదు. తెలిసినా సంతకం పెడతాడా?

మైన్స్ ఉన్న కాలం వేరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుండి, 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకొన్నాక కూడా, లైన్ ఇల్లు ఉద్యోగం చేసేవాడిదే. మొగుడూ పెళ్ళాం విడిపోవాలంటే పెద్దలు కూర్చొని మాట్లాడి పంపేవారు. కోర్టు మెట్లెక్కినవాళ్ళు తక్కువ. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటి నుండి తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరికి పోయి సంపాదించే ఆడవాళ్ళ మీద ఎన్నో ఇళ్ళు నడుస్తున్నాయి. నేను కౌంటర్లో ఉన్నప్పుడు సీజన్ టికెట్లకు వచ్చే ఆడవాళ్ళ వరుస పొడుగవడం కళ్ళారా చూసినాను. ఫారంలో గడి మాత్రం పాతదే.

చట్టం అక్కడే నిలబడిపోలేదు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో తండ్రి, ఆయన తరువాత తల్లి అని రాసినారు. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరుతో బాండ్లు కొనబోతే రిజర్వు బ్యాంకు తండ్రి సంతకమే అడిగింది. ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. 1999లో తీర్పొచ్చింది: 'తరువాత' అంటే చనిపోయిన తరువాత అని కాదు, తండ్రి పట్టించుకోకుండా దూరంగా ఉన్నా తల్లే గార్డియన్. 2016లో పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. 2018లో, తల్లి ఒంటరిగా పెంచితే పాన్ కార్డుకు తండ్రి పేరు అక్కరలేదన్నారు.

స్కాలర్‌షిప్పు దగ్గర చిక్కు పేరుతో కాదు, డబ్బు లెక్కతో. 1944లో మొదలైన ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు ఇప్పుడు తల్లిదండ్రుల ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు. విడిపోయినవాళ్ళలో ఎవరిది లెక్క? అమెరికాలో ప్రభుత్వ సహాయం ఫారంలోనే దీనికి జవాబుంది: 2024-25 నుండి, బిడ్డకు ఎక్కువ ఖర్చు పెట్టిన తల్లి గానీ తండ్రి గానీ లెక్క చూపాలి. మనకు కాగితమే మాట్లాడాలి. కోర్టు డిక్రీ ఉంటే, బిడ్డ ఎవరి దగ్గర, మనోవర్తి ఎంత అన్నది అందులో ఉంటుంది. దాని నకలు తల్లి ఆదాయం రుజువుతో కలిపి ఇవ్వండి. మనోవర్తి వస్తుంటే దాచొద్దు.

మన చెల్లెలి దగ్గర డిక్రీ లేదు. పెద్దలు సంతకాలు పెట్టిన పంచాయతీ కాగితం ఉంది. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షను కులాచారం ప్రకారం జరిగే విడాకులను కొట్టేయలేదు, కానీ ఆ ఆచారం ఉందని రుజువు చేయాలి. సంతకాలు పెట్టిన పెద్దల్లో ఇద్దరు పోయినారు. పెళ్ళి కాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే, 18 నిండినా తండ్రిని ఖర్చు అడగొచ్చని 1956 మనోవర్తి చట్టం 20వ సెక్షను. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఆదాయం ఎంతైనా, ఉచిత న్యాయ సహాయం ఉంది. సోమవారం నేనూ, సెక్రటరీగారూ ఆమెతో కోర్టు దగ్గరికి పోతున్నాం. ఆ పెళ్ళి, ఆ పంచాయతీ గుర్తున్న పెద్దవాళ్ళు మన సంఘంలో ఎవరైనా ఉంటే నాకు ఫోన్ చేయండి.