వాసన కోసం నాటిన చెట్టు

పార్కులో నాటే చెట్టుకు పేరు తెచ్చేవి సాధారణంగా నీడ, పువ్వు, ఆకుల రంగు. బాల్సమ్ పాప్లర్‌కు వీటిలో దేనిలోనూ పెద్ద పేరు లేదు. దాని పూలు రేకులు లేని వేలాడే కంకులు. అయినా అలాస్కా నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా పెరిగే ఈ ఉత్తర అమెరికా చెట్టు 17వ శతాబ్దం ముగిసేలోపే ఇంగ్లండు తోటలకు చేరింది. కారణం, దాని మొగ్గలను చలికాలమంతా కప్పి ఉంచే జిగురు. మొగ్గ విచ్చి లేత ఆకు బయటపడే రోజుల్లో, ముఖ్యంగా వాన వెలిసిన తడిగాలిలో, ఆ జిగురు పరిమళం చాలా దూరం నుంచే తెలుస్తుంది. ఈ చెట్టు పార్కుల్లోకి వచ్చింది ఆ వాసన వల్లే. తర్వాత దెబ్బతిన్నది, ఆ వాసనను మనుషులు కాపాడుకున్న తీరు వల్ల.

కలప కోసమో, తొందరగా ఎదుగుతుందనో నాటి ఉంటారు, వాసన పైమాట మాత్రమే అని ఎవరైనా అనవచ్చు. కానీ కలప కావలసినవారికి యూరప్‌లో 18వ శతాబ్దం నుంచే యూరప్, అమెరికా నల్ల పాప్లర్ల సంకరాలు దొరికాయి. నిటారు వరుసలు కావలసినవారికి 1758లో టురిన్ నుంచి ఇంగ్లండుకు వచ్చిన లాంబార్డీ పాప్లర్ ఉంది. 20వ శతాబ్దంలో బాల్సమ్ స్పైర్ అనే సంకరాన్ని గాలికి అడ్డుగా విరివిగా నాటిన మాట నిజమే. అది తర్వాతి కథ, పొలం అవసరం. తోటమాలి ఈ చెట్టును ఎంచుకోవడానికి పరిమళం తప్ప మరో బలమైన కారణం నాకు కనిపించదు.

ఆ పరిమళానికి ప్రసిద్ధమైనది బాల్మ్ ఆఫ్ గిలియడ్ అనే రకం. తెలుగు బైబిలు చదివేవారికి గిలాదు గుగ్గిలం తెలుసు. ఆ పేరును అమెరికాలో ఒక పాప్లర్‌కు పెట్టారు, దాని మొగ్గలను కొవ్వులో ఊరవేసి గాయాలకు మందుగా పూసేవారు. 1789లో విలియం ఐటన్ ఇంగ్లండులోని క్యూ ఉద్యానం మొక్కల గ్రంథంలో దీన్ని పాపులస్ కాండికన్స్‌గా నమోదు చేశాడు. పాప్లర్లలో తాటిచెట్లలాగే ఆడ, మగ చెట్లు వేరు. ఇది ఆడ చెట్టు. దీన్ని విత్తనంతో కాకుండా కొమ్మ ముక్కలతో, పిలకలతో పెంచుతూ వచ్చారు. అంటే తోటలు వేరైనా చెట్టు ఒక్కటే. ముప్పు అక్కడే ఉంది. జాంథోమోనాస్ అనే కోవకు చెందిన బాక్టీరియా మన నిమ్మ తోటల్లో గజ్జి తెగులు తెస్తుంది, పాప్లర్ బెరడుకు పుండ్లు తెచ్చేదీ ఆ కోవదే. ఒక చెట్టు దానికి లొంగితే, దాని కొమ్మల నుంచి వచ్చిన చెట్లన్నీ లొంగుతాయి. ఈ రకం బాగా దెబ్బతిన్నది అలాగే. లేత ఆకులపై తెలుపు, గులాబి మచ్చలు వచ్చే అరోరా అనే రకాన్ని కొత్త చెట్టుగా అమ్మినా, అది కూడా ఆ కొమ్మే, ఆ బలహీనతే.

కొమ్మతో పెంచకపోతే వాసన ఎలా నిలుస్తుందని అడగవచ్చు. ఈ ప్రశ్న మామిడికి సరిపోతుంది. అడవిలో విత్తనం నుంచి మొలిచిన బాల్సమ్ పాప్లర్లు ఆడవైనా మగవైనా సువాసన వెదజల్లుతాయి. కాబట్టి రకరకాల చెట్లను కలిపి నాటినా పార్కుకు పరిమళం తగ్గేది కాదు. అందరికీ తెలిసిన ఒకే రకాన్ని పట్టుకున్నది మనుషుల సౌకర్యం.

వేర్లు మురుగు గొట్టాల్లోకి చొరబడతాయని, బంకమట్టి నేలలో నీరు పీల్చేసి గోడలకు బీటలు తెస్తాయని, పిలకలు పచ్చికంతా లేస్తాయని అనేవారి మాటలో నిజం ఉంది. ఇది ఇంటి పక్కన నాటే చెట్టు కాదు. కానీ తప్పు చోట నాటినవారి నేరాన్ని చెట్టు మీద మోపకూడదు. ఆడ పాప్లర్ల గింజలతో ఎగిరే దూది గురించిన భయం మాత్రం అన్యాయం. కశ్మీర్‌లో రష్యన్ పాప్లర్ అని పిలిచే అమెరికా జాతి ఆడ చెట్లను అలర్జీ తెస్తాయని నరికించారు. అలర్జీ తెచ్చేది పుప్పొడి, ఆడ చెట్టుకు అది ఉండదు.

చలికాలం లేని మన మైదానాల్లో ఈ చెట్టు బతకదు. సియాటిల్, వాంకూవర్ వైపు ఉంటున్న తెలుగువారికి మాత్రం దాని దగ్గరి బంధువు, పాపులస్ ట్రైకోకార్పా, నదుల ఒడ్డునే ఉంది. 2006లో జన్యుపటం వెలువడిన తొలి చెట్టు అదే. వసంతంలో మొగ్గలు విచ్చే రోజుల్లో ఒకసారి వెళ్లి ఆ గాలి పీల్చండి.