శ్రీభండారం: తిరుమల ఆలయ నగదు నిర్వహణలో మూలధనం, శాసనబద్ధ బాధ్యత – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తిరుమల శ్రీవేంకటేశ్వరాలయానికి సమర్పించిన ధనం ఏ రూపంలో నిలిచింది, ఏ బాధ్యతలకు కట్టుబడింది, దాని మిగులు ఎవరి చేతికి చేరింది అన్న మూడు ప్రశ్నల ఆధారంగా ఆ ఆలయ కోశనిర్వహణ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విజయనగర కాలంలో భక్తులు చెల్లించిన నగదు ఆలయగ్రామాల్లో చెరువులు, కాలువలుగా మారింది. అక్కడి అదనపు పంట నైవేద్యమైంది. ఆస్తిని, బాధ్యతను ఒకే కొలతలో నిలిపిన ఆ పద్ధతి ఎలా పనిచేసింది, ఎందుకు సడలింది, నేటి బ్యాంకు డిపాజిట్ల పద్ధతి దానికి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నవి ఇక్కడి ప్రధానాంశాలు.

కీలకపదాలు: శ్రీభండారం, స్థానత్తార్, తిరువిడైయాట్టం, పొలియూట్టు, దాత వంతు, ఆచంద్రార్కం, బ్రూస్ కోడ్, బంగారు డిపాజిట్లు.

ఉపోద్ఘాతం

ఆలయశాసనాలను సాహిత్య పరిశోధకులు ఎక్కువగా భాష, ఛందస్సు, ప్రశస్తి కోసం చదివారు. రాజకీయ చరిత్రకారులు వంశావళులకోసం, తేదీలకోసం చదివారు. ఈ రెండు పఠనాలకూ అందని పార్శ్వం మరొకటి ఉంది. దానశాసనంలో అధికభాగం నిజానికి లెక్క. ఎవరు ఎంత ఇచ్చారు, ఆ సొమ్మును ఏం చేయాలి, దాని రాబడితో ఏ రోజు ఏ కైంకర్యం జరగాలి, అందులో ఎవరి వంతు ఎంత అన్నవి అందులో వరుసగా కనిపిస్తాయి. తిరుమల, తిరుపతి, తిరుచానూరు ఆలయాల్లో దొరికిన వెయ్యికి పైగా శాసనాలు ఇందుకు అరుదైన ఆకరం. వాటిలో అత్యధికం తమిళంలోను, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృతాల్లోను ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి తదితరుల కృషితో దేవస్థానం వీటిని సంపుటాలుగా ప్రచురించింది. వీటి ఆధారంగా బర్టన్ స్టైన్ 1960లో వెలువరించిన వ్యాసం ఆలయాన్ని ఆర్థిక సంస్థగా చూసే చర్చకు పునాది వేసింది. స్టైన్ దృష్టి ప్రధానంగా వ్యవసాయాభివృద్ధిపై నిలిచింది. శాశ్వతంగా చేస్తామన్న మాటను నిలబెట్టడానికి ఒక సంస్థ తన ధనాన్ని ఎలా కాపాడుకుంది అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

1. తరగని మూలధనం

దక్షిణాది ఆలయాల్లో నిత్యదీపానికి గొర్రెలనో ఆవులనో అప్పగించడం ప్రాచీనమైన పద్ధతి. చోళశాసనాలు ఈ మందను ‘చావా మూవా పేరాడు’ అన్నాయి. అంటే చావని, ముసలితనం లేని గొర్రెలు అని అర్థం. గొర్రె చావకుండా ఉండదు. చనిపోయినదాని స్థానాన్ని మందలో పుట్టిన పిల్లతో నింపి సంఖ్యను నిలపడం కాపరి బాధ్యత. ప్రతిదినం కొలిచి ఇవ్వవలసిన నెయ్యి మూలం నుండి కాక రాబడి నుండి రావాలి. మూలధనం తరగరాదన్న ఆర్థిక నియమం ఇంత సూటిగా కనిపించే మాట మరొకటి అరుదు.

నగదు విషయంలో ఇదే నియమం వడ్డీ రూపం దాల్చింది. తంజావూరు బృహదీశ్వరాలయంలో రాజరాజచోళుని కాలపు శాసనాల ప్రకారం ఆలయధనాన్ని గ్రామసభలకు అప్పగించేవారు. కాసుకు ఏడాదికి ఎనిమిదోవంతు, అంటే నూటికి పన్నెండున్నర, వడ్డీగా చెల్లించడం అక్కడ కనిపించే రేటు. తిరుపతి ప్రాంతపు తొలి శాసనాల్లోనూ దాతలిచ్చిన బంగారాన్ని స్వీకరించి దీపధర్మం నడిపే పూచీ తిరుచానూరు సభపై ఉంది. రాబడితో ధర్మం నడపడానికి ఇచ్చిన మూలధనమే పొలియూట్టు. ఈ దశలో ఆలయానికి స్వంత పెట్టుబడి విధానమంటూ లేదు. సభ సమర్థంగా ఉన్నంతకాలమే దీపం వెలుగుతుంది. సభ బలహీనపడితే ఆలయం చేతిలో మిగిలేది గోడమీది అక్షరాలే.

2. నగదు నుండి నీటికి

15వ శతాబ్ది ద్వితీయార్ధంలో సాళువ నరసింహుని ప్రాబల్యంతో తిరుమలకు దానాల రాక పెరిగింది. కృష్ణదేవరాయ, అచ్యుతదేవరాయ, సదాశివరాయల కాలాల్లో అది ఉచ్చస్థితికి చేరింది. అప్పటికి దానాన్ని స్వీకరించే బాధ్యత సభ నుండి స్థానత్తార్‌కు మారింది. తిరుపతి శ్రీవైష్ణవులు, తిరుచానూరు సభవారు, అర్చకులైన నంబులు, జీయర్లు, ఆలయ కరణం ఈ నిర్వాహక వర్గంలోని వారు. శాసనం చివర ఆలయ కరణమైన ‘తిరునిన్ఱ ఊర్ ఉడైయాన్’ వ్రాలు కనిపిస్తుంది. దాతకూ దేవునికీ మధ్య జరిగిన భక్తివ్యవహారంగా పైకి కనిపించే శాసనం, నిర్వహణ దృష్టితో చూస్తే, స్థానత్తార్ దాత పేర వ్రాసి ఇచ్చిన బాధ్యతాపత్రం.

దానాలు ప్రధానంగా రెండు విధాలు. రాజకుటుంబీకులు, రాజ్యాధికారులు ఎక్కువగా గ్రామాలను ఇచ్చారు. ఆచార్యపురుషులు, ఆలయ పరిచారకులు, వర్తకులు ఎక్కువగా నగదు ఇచ్చారు. ఈ నగదు నర్పణాల్లో లెక్కించి శ్రీభండారంలో చేరేది. అక్కడితో ఆగితే అది కేవలం నిల్వ. అనేక శాసనాలు ఇంకో అడుగు వేసి, ఆ సొమ్మును ఎక్కడ వెచ్చించాలో నిర్దేశించాయి. ‘తిరువిడైయాట్టం’ అనబడే ఆలయగ్రామాల్లో చెరువు తవ్వించాలి, కాలువ తీయించాలి, పూడిక తీయించాలి. అందువల్ల పెరిగిన పంటతో దాత కోరిన నైవేద్యం జరగాలి.

ఈ ఏర్పాటులోని విశేషం గ్రామం, నగదు ఒకదానికొకటి అక్కరకు రావడం. రాజు ఇచ్చిన గ్రామంలో భూమి ఉంది, నీరు చాలదు. వర్తకుడిచ్చిన సొమ్ము ఉంది. దానికి నేల లేదు. శ్రీభండారం ఈ రెంటినీ కలిపింది. తంజావూరు పద్ధతిలో అప్పుతీసుకున్న సభ పంట పండినా పండకపోయినా వడ్డీ చెల్లించాలి. తిరుపతి పద్ధతిలో ఆలయమే భూస్వామి, ఆలయమే పెట్టుబడిదారు. లాభంతోపాటు నష్టభయమూ శ్రీభండారానిదే అయింది.

సమర్పించిన ధనమంతా పెట్టుబడి కాలేదు. కృష్ణదేవరాయలు 1514లో 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేయించారు. 1518లో విమానానికి బంగారు పూత పెట్టించారు. కిరీటాలు, పాత్రలు, ఆభరణాలు రాబడినివ్వవు. వాటి విలువ ఆలయవైభవంలో ఉంది. ఒకే దాత ఇచ్చిన గ్రామానికి ఒక పద్దు, ఆభరణానికి మరో పద్దు. ఖర్చుకు, పెట్టుబడికి, ముట్టరాని నిధికి నడుమ ఉన్న ఈ తేడాను ఆనాటి లేఖకులు స్పష్టంగా పాటించారు.

3. ఆస్తికి, బాధ్యతకు ఒకే కొలత

కైంకర్యశాసనాల్లో బాధ్యత సాధారణంగా వస్తువుల్లో ఉంటుంది. ఇన్ని మరక్కాళ్ల బియ్యం, ఇన్ని నాళ్ల నెయ్యి, పెసలు, మిరియాలు, వక్కలు, తమలపాకులు అంటూ పట్టిక సాగుతుంది. దాత ఇచ్చింది నగదు. ఆలయం మాట ఇచ్చింది ధాన్యం. ధాన్యం ధర పెరిగితే ఆ భారం ఎవరిది?

నగదును నగదుగానే ఉంచి వడ్డీకి తిప్పితే ధర పెరిగినప్పుడల్లా నైవేద్యం చిన్నదవుతుంది, లేదా ఆలయం తన చేతిసొమ్ము కలపవలసి వస్తుంది. నగదును నీటివనరుగా మార్చినప్పుడు రాబడి కూడా ధాన్యమే అవుతుంది. ధర పెరిగితే పంట విలువా పెరుగుతుంది, నైవేద్యపు ఖర్చూ పెరుగుతుంది. కొలత మారదు. స్థానత్తార్ ఈ సూత్రాన్ని సిద్ధాంతంగా ఎక్కడా చెప్పలేదు. వారి ఆచరణలో మాత్రం అది స్థిరంగా కనిపిస్తుంది. ‘ఆచంద్రార్కం’ అన్న మాటకు ఈ ఏర్పాటు ఆర్థికమైన ఆధారాన్ని ఇచ్చింది.

అయితే ఈ రక్షణ ధరల నుండి మాత్రమే. కరవు నుండి, చెరువుకట్ట తెగడం నుండి, రాజ్యం మారడం నుండి రక్షణ లేదు. చెరువు ఒకసారి తవ్వితే సరిపోదు. ఏటేటా పూడిక తీయాలి, కట్ట సరిచేయాలి. గ్రామంపై అధికారం ఆలయం చేతిలో ఉన్నంతవరకే ఇది సాధ్యం.

4. దాత వంతు

నివేదించిన ప్రసాదంలో నాలుగోవంతు దాతకు చెందుతుంది. శాసనాల్లో దీని పేరు ‘విట్టవన్ విళుక్కాడు’. దాత దాన్ని తానే స్వీకరించవచ్చు, మఠానికో రామానుజకూటానికో రాసివ్వవచ్చు. ప్రసాదపు వంతులు విక్రయానికీ లోనయ్యాయి. ప్రసాదక్కారర్ అనే వర్గం ఈ వ్యవహారం వల్లనే ఏర్పడింది. యాత్రికులకు ప్రసాదం అందినది అధికంగా వీరి ద్వారానే.

దీన్ని వడ్డీగా మాత్రమే చూస్తే పొరపాటు. అర్జున్ అప్పాదురై, కేరల్ బ్రెకెన్‌రిడ్జ్ 1976 నాటి వ్యాసంలో చూపినట్లు, ప్రసాదంలో వంతు గౌరవానికి, ఆలయంలో స్థానానికి గుర్తు. నిధినిర్వహణ దృష్టితో దానికి ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. నైవేద్యం ఆగితే ముందుగా తెలిసేది వంతుదారుకే. దాత వారసులు, మఠాలు, ప్రసాదక్కారర్లు ప్రతిదినం తమ వంతుకోసం ఎదురుచూసే తనిఖీదారులయ్యారు. శిలమీది లెక్కను జీవంతో ఉంచినది ఈ ఎదురుచూపే.

5. మిగులు ఎవరిది?

1565 తరువాత విజయనగర అధికారం క్షీణించింది. 17వ శతాబ్దిలో కొత్త దానశాసనాలు అరుదయ్యాయి. గ్రామాలపై ఆలయానికి పట్టు సడలడంతో పాత నైవేద్యాలు అనేకం ఆగిపోయాయి. బాధ్యత శిలపై చెక్కుచెదరలేదు. దాని వెనుక ఉన్న చెరువు, కాలువ, పొలం చేజారాయి. ఆలయం క్రమంగా యాత్రికుల కానుకలపై ఆధారపడింది.

ఆర్కాటు నవాబుల కాలంలో ఈ కానుకలే రాజ్యాదాయమయ్యాయి. ఆలయ రాబడిని ఇజారాకు ఇచ్చేవారు. 1801లో కర్ణాటక ప్రాంతం ఈస్టిండియా కంపెనీ పరమయ్యాక ఆలయ నిర్వహణ ఉత్తరార్కాటు కలెక్టరు చేతికి వచ్చింది. 1803లో స్ట్రాటన్ రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక, 1821 నాటి బ్రూస్ కోడ్ ఈ కాలపు ముఖ్యపత్రాలు. బ్రూస్ కోడ్ ఆలయ ఉద్యోగుల విధులను, ఆచారాలను, చెల్లింపులను నియమబద్ధం చేసింది. లెక్కల క్రమం పెరిగింది. కానీ ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము కంపెనీ ఖజానాకు చేరేది. పద్దు సరిగ్గా ఉన్నంత మాత్రాన సంస్థకు నిధి ఏర్పడదని ఈ నాలుగు దశాబ్దాల అనుభవం తెలుపుతుంది. మిగులు సంస్థలో నిలవకపోతే అది పెట్టుబడి కాజాలదు.

ఆలయ వ్యవహారాల నుండి కంపెనీ తప్పుకోవడంతో 1843లో హథీరాంజీ మఠాధిపతులు విచారణకర్తలయ్యారు. మిగులు మళ్లీ ఆలయంలోనే నిలిచింది. అయితే దానిపై అధికారం ఒక్క వ్యక్తి చేతిలో ఉంది. నిర్వహణపై దావాలు ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్లాయి. విజయనగర కాలపు బహుముఖ స్థానత్తార్ వ్యవస్థలో, వంతుదారుల ఎదురుచూపులో ఉన్న తనిఖీ ఇప్పుడు న్యాయస్థానాల పని అయింది. 1932లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో 1933లో కమిటీ, కమిషనరు ఏర్పడ్డారు.

6. డిపాజిట్లు, బంగారం

నేటి తిరుమల తిరుపతి దేవస్థానములు 1987 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కింద నడుస్తున్నాయి. ఆలయాలతోపాటు కళాశాలలు, ఆసుపత్రులు, అన్నదానం, సంగీత నృత్య కళాశాల, పరిశోధన, ప్రచురణ సంస్థ బాధ్యతలయ్యాయి. హుండీ సొమ్మును పరకామణిలో లెక్కించి బ్యాంకులకు పంపుతారు. 2022 నవంబరులో దేవస్థానం విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం 2019లో 13,025 కోట్ల రూపాయలుగా ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు 2022 సెప్టెంబరు నాటికి 15,938 కోట్లకు పెరిగాయి. అదే కాలంలో బ్యాంకుల్లోని బంగారం సుమారు 7,340 కిలోల నుండి 10,258 కిలోలకు చేరింది. 2025-26 బడ్జెటు సుమారు 5,258 కోట్లు. అందులో హుండీ అంచనా 1,729 కోట్లు కాగా డిపాజిట్లపై వడ్డీ అంచనా 1,310 కోట్లు. అంటే దాదాపు నాలుగోవంతు ఆదాయం వడ్డీ నుండి వస్తుంది.

ఈ నిల్వ ప్రయోజనం 2020లో స్పష్టమైంది. కరోనా కారణంగా మార్చి నుండి జూన్ వరకు భక్తులకు దర్శనం నిలిచింది. భక్తులు లేకున్నా నిత్యకైంకర్యాలు ఏకాంతంగా సాగాయి. హుండీ ఆదాయం ఆగినా డిపాజిట్లపై వడ్డీ ఆగలేదు. కానుకలపైనే బతికే ఆలయానికి ఈ భరోసా ఉండేది కాదు.

బంగారం విషయంలో పాత సూత్రపు ఛాయ ఒకటి కనిపిస్తుంది. 2016లో పంజాబ్ నేషనల్ బ్యాంకులో ఉంచిన 1,311 కిలోల బంగారం 2019 ఏప్రిల్‌లో వడ్డీతో కలిసి 1,381 కిలోలయింది. మూలం బంగారం, వడ్డీ బంగారం; గొర్రెల మందలో పుట్టిన పిల్లలాగా. ఆ బంగారాన్ని తమిళనాడు మీదుగా తరలిస్తుండగా ఎన్నికల తనిఖీ బృందాలు ఆపాయి. అప్పగించేవరకు బాధ్యత బ్యాంకుదేనని దేవస్థానం ప్రకటించింది. ధనం ఎవరి పేర ఉంది, ఎవరి చేతిలో ఉంది, నష్టం వస్తే ఎవరిది అన్న స్థానత్తార్ నాటి ప్రశ్నలు నేటికీ సజీవమేనని ఈ ఘటన గుర్తుచేసింది.

నగదు డిపాజిట్ల స్థితి వేరు. బాధ్యత బియ్యంలో, నెయ్యిలో, జీతాల్లో, మందుల్లో ఉంది. ఆస్తి రూపాయల్లో ఉంది. వడ్డీ మొత్తాన్నీ ఏటేటా ఖర్చుచేస్తే డిపాజిట్ అంకె తరగదు; దానితో కొలిచే బియ్యం తరుగుతుంది. ఉదయాస్తమాన సేవకు ఇటీవల కోటి రూపాయలు, శుక్రవారమైతే కోటిన్నర నిర్ణయించి, ఆ హక్కును పరిమిత సంవత్సరాలకు కట్టుబెట్టడం ఈ వ్యత్యాసాన్ని సంస్థ గుర్తించినదనడానికి నిదర్శనం. ఆచంద్రార్కం అన్న చోట గడువు వచ్చింది. భక్తిదృష్టితో ఇది లోటనిపించవచ్చు. నిలబెట్టుకోగలిగినంతే మాట ఇవ్వడం నిధినిర్వహణలో నిజాయితీ.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

• విజయనగర కాలంలో శ్రీభండారం ధనాన్ని దాచే చోటు మాత్రమే కాదు; నగదును నీటిగా, నీటిని ధాన్యంగా మార్చిన వ్యవస్థ.
• ఆస్తి, బాధ్యత ఒకే కొలతలో ఉండటం దాని బలం. ఆస్తి మొత్తం ఒకే రాజ్యపు రక్షణపై ఆధారపడటం దాని బలహీనత.
• ప్రసాదపు వంతు దాతకు ప్రతిఫలంగానే కాక, నిర్వాహకులపై నిత్యతనిఖీగా కూడా పనిచేసింది.
• కంపెనీ కాలంలో లెక్క కుదురుకున్నా మిగులు బయటికి పోయింది. మహంతుల కాలంలో మిగులు నిలిచినా తనిఖీ సన్నగిల్లింది. శాశ్వతనిధికి ఈ రెండూ ఏకకాలంలో అవసరం.
• నేటి డిపాజిట్లు కరవుకు, యుద్ధానికి చలించవు. ధరల పెరుగుదలకు మాత్రం లోబడతాయి. వడ్డీలో కొంతభాగాన్ని మూలధనానికి కలపడం ఇందుకు విరుగుడు. మందలో సంఖ్య నిలిపిన కాపరి చేసిన పని అదే.

శాసనపు చివరివాక్యం ధర్మానికి హానిచేసినవారిని శపిస్తుంది. ఆ శాపం ఎన్ని నైవేద్యాలను కాపాడిందో చెప్పడం కష్టం. ఏటేటా పూడికతీసిన చెరువు కాపాడినవి మాత్రం లెక్కకు అందుతాయి. ఆలయశాసనాలను ఆ లెక్కకోసం కూడా చదవవలసి ఉంది.