ముందుగాల విషాలు

జర దగ్గరికి జరుగుండ్రి. సలి మస్తు పెడుతున్నది. చిన్నోడా, ఆ కంది కట్టె ఇంకొన్ని మంటల పెట్టు. పొగ నా మొకానికి రాకుంట చూడు.

ఏందో అంటున్నవు బిడ్డా? మూలికల వైద్యం నేర్చుకుంటవా? ఇంటోళ్లకు, వాడకట్టోళ్లకు అక్కెరకొస్తదనా? మూడు నెలల కోర్సు, ఫోన్లనే పాఠాలు, ఆఖరికి ఒక కాయితం. మంచిగనే ఉన్నది. నేర్చుకుంటనన్నోళ్లని నేను వద్దనను. గని మా అవ్వ కాడ నేను ఎట్ల నేర్చుకున్ననో గూడ ఇను. ఆమె కాయితం ఇయ్యలే. మొదటి ఏడాది ఒక్క మందు పేరు సుత చెప్పలే.

మా ఊరు ఎరికే గదా, అచ్చంపేట దాటినంక నల్లమల గుట్టలు అగుపడే జాగ. అంగడి నాడు చెంచులు దిగి వచ్చేటోళ్లు. తేనె, తపసి జిగురు, కరక్కాయలు, కుంకుడుకాయలు, ముష్టి గింజలు తెచ్చేటోళ్లు. గిరిజన సహకార సంస్థ 1956ల పెట్టిన్రు, గని దాని డిపోలు అందేదాక సావుకారి చెప్పిందే ధర. ఉప్పుకు తేనె పోసి పోయేటోళ్లు పాపం. మా అవ్వ ఊర్ల పురుళ్లు పోసేది, పసరు మందు ఇచ్చేది. చెంచుల ముసలాయన ఒకాయన అంగడికొస్తే మా అరుగు మీదనే కూసునేటోడు. ఇద్దరు చెట్ల ముచ్చట పెడితే పొద్దు మీకేది.

నేను ఎంట తిరుగుతుంటే అవ్వ ముందుగాల చూపెట్టింది ఏందో ఎరికేనా? విషాలు. ఒక ఎండకాలమంత అవే. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు పాలు, ముష్టి గింజ, గురిగింజ. "వీటిని చీకట్ల సుత గుర్తు వట్టాలె, అప్పుడే నా సంచి ముట్టు" అనేది. పచ్చ గన్నేరు కాయ పిల్లలు ఆడుకుంట కొరుకుతరు, గుండె ఆగుతది. గురిగింజ ఉన్నది సూడు, కంసాలి బంగారం తూచేది దానితోనే. పొట్టు పగలకుంట మింగితే చానాసార్లు అట్లనే బైటికొస్తది. అదే నూరితే పాణం తీస్తది. ఎడ్లను చంపేటందుకు దాన్ని నూరి సూది చేసి గుచ్చిన దొంగలు ఉండిరి.

ఆముదాల సంగతి ఇంకా ఇచిత్రం. మన పాలమూరు, నల్లగొండ చెల్కలల్ల ఎటు చూసినా ఆముదాలే ఉండె. గింజ విషం, నూనె మందు. అవ్వ గింజలు ఏంచి, దంచి, నీళ్లల్ల ఉడకబెట్టి మీద తేలిన నూనె తీసేది. గదే వంటాముదం. విషం నూనెలకు రాదు, పిప్పిల ఉంటది, కాగినకొద్ది చస్తది. అందుకే పచ్చి ఆముదం చెక్కను పసురాలకు పెట్టరు, చేనుకు ఎరువేస్తరు. ఇది నాకు తర్వాత ఒక డాక్టర్ సాబ్ చెప్తే తెలిసింది. అవ్వకు ఎందుకో తెల్వది, ఎట్ల చెయ్యాల్నో మాత్రం ఖచ్చితంగ తెలుసు.

విషాలయినంక చెట్లు. అవి సుత ఒక్కపారి చూపెట్టి ఊకోలే. వానకాలం నేల ఉసిరిని చూపెట్టేది. ఆకు మర్లేస్తే కింద పూసల తీరు వరస కాయలుంటయి. ఎండకాలం ఎండిపోయిన నేల ఉసిరిని చూపెట్టి "ఇదేంది?" అని అడిగేది. చెప్పకుంటే ఆ పొద్దు సద్ది సల్లగనే ఉండేది. తిప్పతీగను యాపచెట్టు మీద పాకినదాన్నే కోసేది. కాండం మీద పలుచటి పొర లేస్తది, అడ్డంగ కోస్తే బండి చక్రం లెక్క గీతలు కనవడ్తయి, కొమ్మలకెల్లి దారాల తీరు ఊడలు దిగుతయి. ఇవన్ని చూడకుంట తిప్పతీగ అనొద్దు అనేది. మొన్న కరోనా నాడు ఆ కషాయం తాగని ఇల్లున్నదా? 2021ల బొంబాయి డాక్టర్లు, అది తాగినోళ్లల్ల కొందరికి కాలేయం చెడిందని రాసిన్రు. ఢిల్లీ ఆయుష్ శాఖోళ్లేమో, అది అసలు తిప్పతీగ కాదేమో, కాండం నిండ బొడిపెలుండే దాని అక్కచెల్లె తీగ అయ్యుంటదన్నరు. వాళ్ల కొట్లాట మనకెందుకు? బజార్ల సీసా కొనుక్కొని తాగినోళ్లు తీగను చూసిన్రా?

ఇంకో మాట. మూలిక తవ్వాల్నంటే మా దిక్కు ఒక పద్ధతి ఉండె. శనివారం మాపటికి చెట్టు కాడికి పోయి, మొదట్ల నీళ్లు పోసి, పసుపు దారం కట్టి, "రేపొస్తా తల్లీ" అని దండం పెట్టి రావాలె. ఐతారం మబ్బుల పోయి, మాట్లాడకుంట తవ్వాలె. సదువుకున్నోళ్లు నవ్వుతరు. నేను సుత పట్నం పోయొచ్చినంక కొన్నాళ్లు నవ్విన. గని ఆలోచిస్తే, అది చెట్టును రెండుపార్లు చూసే పద్ధతి. వెలుగున్నప్పుడు గుర్తు పట్టి దారం కట్టినవు, మసక చీకట్ల ఆ దారమున్న చెట్టునే తవ్వినవు, పక్కదాన్ని కాదు. ఇంకా మంచిదేందంటే, రోగమొచ్చిందని ఆగమాగం పోయి చేతికి దొరికింది పీక్కొచ్చే ఈలు లేదు. రాత్రంత ఆగాలె. సగం కడుపునొప్పులు ఆ రాత్రికే పోతుండె.

చెంచు ముసలాయన నేర్పింది వేరే. చెక్క తీస్తే మాను చుట్టూత గీరొద్దు, ఒక దిక్కే అరచెయ్యంత తియ్యి, లేకుంటే మాను ఎండిపోతది. వేరు కావాల్నంటే గింజ రాలినంక రా. ఒక తావుల నాలుగు మొక్కలుంటే అన్ని పీకకు. ఆయన ఇవి చెప్పేటప్పుడు అవ్వ మెదలకుంట ఇనేది. ఊర్లందరికి చెప్పే మనిషి, ఆయన ముంగట మాత్రం శిష్యురాలే.

మందు కొలత అడిగితే అవ్వ "పిడికెడు" అనేది. ఎవరి పిడికిలి? రోగి పిడికిలి. పసిపోరడు వస్తే వాని చెయ్యే మూసి చూపెట్టేది. "నీ చేత్తోని కొలిస్తే వాన్ని చంపుతవు" అనేది నాతోని.

1977ల గాంధీ జయంతి నాడు సర్కారు ఊరికొక ఆరోగ్య కార్యకర్తను తయారు చేసే పథకం మొదలువెట్టింది. జనతా ప్రభుత్వం అది. ఊరోళ్లే మనిషిని ఎంచి పంపాలె. నాకు కొద్దిగంత చదువొచ్చని నన్ను పంపిన్రు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల మూడు నెలల శిక్షణ. నెలకు 200 రూపాయలిచ్చిన్రు. తర్వాత ఊర్ల పని చేస్తే నెలకు 50. గా పైసలకు బీడీలొచ్చేవి, ఇల్లు గడవకపోయేది, గని ఇజ్జత్ ఉండె. గోలీల డబ్బా ఇచ్చిన్రు. జరమొస్తే వేలు గుచ్చి, గాజు పలక మీద నెత్తురు సుక్క పూసి మలేరియా పరీక్షకు పంపుడు, క్లోరోక్విన్ ఇచ్చుడు, దెబ్బలకు కట్టు కట్టుడు నేర్పిన్రు. వాళ్లిచ్చిన పుస్తకంల ఇంగ్లీషు మందులే కాదు, ఆయుర్వేదం, యునానీ, హోమియో సుత ఉండె. అది చూసి నాకు ధైర్నమొచ్చింది.

అక్కడి డాక్టర్ సాబ్ కోస్తా దిక్కు మనిషి. మంచోడు. "కునైన్ సుత చెట్టు చెక్కేనయ్యా" అని ఆయనే చెప్పిండు. నీలగిరుల మీద సింకోనా తోటలు పెంచిన్రు దానికోసమే. ఆచంట లక్ష్మీపతి గారి కథ చెప్పిండు. మద్రాసుల ఇంగ్లీషు వైద్యం చదివి, ఆ తర్వాత దీవి గోపాలాచార్యుల కాడ కూసొని ఆయుర్వేదం నేర్చుకున్నడట. ఆయన కాలేజీలనే యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికా పోయి అంత పెద్ద పేరు తెచ్చుకోక ముందు, పాఠాలు చెప్పిండట. మన దిక్కయితే నిజాం రాజ్యం, హకీములే ఎక్కువ. 1920ల హైదరాబాదుల ఒక హకీం సాబ్ చేసిన జిందా తిలిస్మాత్ సీసా లేని ఇల్లుండెనా? అండ్ల ఉండేది ముఖ్యంగ నీలగిరి తైలమే.

ఒకనాడు ఆ డాక్టర్ మా అవ్వను పిలిపిచ్చిండు. పురుళ్లు పోసేటోళ్లకు నర్సమ్మ శిక్షణ పెట్టింది, అండ్లకు. అవ్వ గుంజుకుంట పోయింది. ఆయన కుర్చీ ఏసి, "అమ్మా, నువ్వు ఏమేం రోగాలకు మందిస్తవు?" అని అడగలే. "దేనికి ఇయ్యవు?" అని అడిగిండు. నాకు ఇయ్యాల్టికీ యాదికున్నది. అవ్వ ఏళ్లు మడుసుకుంట చెప్పింది. పురుగు ముట్టినోళ్లకు ఇయ్య. నెత్తురు ఆగని బాలెంతకు ఇయ్య. జరమొచ్చి మెడ వంగని పిలగానికి ఇయ్య. పసిరికలొచ్చి మత్తుల పడ్డ మనిషికి ఇయ్య. డాక్టర్ సాబ్ నర్సమ్మ దిక్కు చూసిండు. "ఈమెకు మనం నేర్పేది కొద్దిగనే ఉన్నది" అన్నడు.

ఆ కొద్దిగంత మాత్రం పెద్దదే. బొడ్డు కొడవలితోని కోసి, మీద పేడ పూసే రోజులవి. పసిపిల్లలు ధనుర్వాతంతోని పోయేటోళ్లు, దయ్యం పట్టిందనేటోళ్లు. బ్లేడు, దారం ఉడకబెట్టుడు అవ్వ నేర్చుకున్నది, మళ్ల కొడవలి ముట్టలే. నర్సమ్మ ఇంకోటి చెప్పింది, ఆరు నెలలదాక తల్లిపాలే, వస గిస రుద్దొద్దని. దానికి మాత్రం అవ్వ ఒప్పుకోలే. "వస వెయ్యని పోరడు మాట్లాడతడా?" అని గొణుక్కుంట వచ్చింది. నా పిల్లలకు నేను వద్దంటే సుత సాటుకు వేసిందని నా అనుమానం. నర్సమ్మదే ఒప్పు, వస ఎక్కువైతే పిల్లలు కక్కుకుంటరు. గని ముసలోళ్లతోని ఎవరు గెలుస్తరు?

గత్తర కాలంల అవ్వ ఇచ్చిన మందు ఏందో తెలుసా? బియ్యం గంజి, అండ్ల ఉప్పు. చెంచాతోని, కొద్దికొద్దిగ, బేదులు ఆగేదాక. శిక్షణల ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు చేసుడు చూపెట్టినప్పుడు నేను ఇంటికొచ్చి చెప్తే, "గదానికి మూడు నెలలా?" అన్నది.

పసిరికల ముచ్చట చెప్త, ఎందుకంటే నువ్వు నేర్చుకుంటే ఊరోళ్లు ముందుగాల దానికే వస్తరు. మురికి నీళ్లతోని వచ్చే పసిరికలు చానామందికి కొన్ని వారాలల్ల వాటంతటవే తగ్గుతయి. పసరు పోసినోనికి పేరొస్తది, చెయ్యి మీద వాత పెట్టినోనికీ పేరొస్తది. మన ఊర్ల ముసలోళ్ల మణికట్ల కాడ ఆ మచ్చలు ఇంకా చూడొచ్చు. ఇంకో తీరు కాలేయం రోగం, హెపటైటిస్ బి ఉన్నోళ్లకు నేల ఉసిరి ఇచ్చి మద్రాసు డాక్టర్లు 1988ల పరీక్ష చేసి మంచిగ పని చేసిందని రాస్తే దునియంత దాని దిక్కు చూసింది. తర్వాత వేరే జాగలల్ల చేస్తే అంత ఫలితం రాలే. అవ్వ మాత్రం ఎన్నడో చెప్పింది, "నా మందుతోని తగ్గిందని అనకు, నేను చూసుకుంటనే ఉన్న" అని. మందు పోసి రోజు పోయేది, కన్నుల తెలుపు చూసేది, మనిషి మాటల తేడా ఉన్నదా చూసేది. మత్తు కనవడితే బండి కట్టిపిచ్చేది.

పురుగు ముట్టిన కథ ఒకటున్నది, చెప్పాలనిపియ్యది గని చెప్త. నా ఈడు పిలగాడు, వానకాలం నేల మీద పండుకున్నడు. కట్లపాము. దాని కాటు నొయ్యది, వాయది, చీమ కుట్టిందనుకుంటరు. మబ్బుల కడుపునొప్పి అన్నడు, తెల్లారేసరికి రెప్పలు వాలవట్టినయి. అవ్వ చూసి, "నా కాడ మందు లేదు, దవాఖానకు దౌడు తియ్యుండ్రి" అన్నది. బండి కట్టిన్రు. తోవల ఒక ఊర్ల వేరు మింగిపిచ్చేటాయన ఉన్నడని ఆపిన్రు. ఆయన వేరిచ్చిండు, మంత్రమేసిండు. పిలగాడు అక్కన్నే పోయిండు. పాములల్ల విషం లేనియే ఎక్కువ, విషమున్నది సుత ఒక్కోపారి ఉత్తగనే కరుస్తది. ఆయన బతికిచ్చినోళ్లంత అసుంటి కాటు పడ్డోళ్లే. అది ఆయనకు తెల్వది, తెలుసుకోవాలని లేకుండె. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి దవాఖానల సూదిమందు ఉన్నది. ఏ ఆకు లేదు.

అవ్వ పైసలు తీసుకోకపోయేది. తీసుకుంటే మందు పారదనేటోళ్లు. ఆ మాట మంచిదే, ఆశ లేకుంటే అక్కెర లేని మందు ఎవరూ ఇయ్యరు. గని మందు పేరు చెప్తే గుణం పోతదని ఇంకో మాట ఉండె. అది ఊరిని ముంచింది. అవ్వ మేనత్తకు తెలిసిన సగం మందులు ఆమెతోనే కాష్టం మీద కాలిపోయినయి. అవ్వ అందుకే నాకన్ని చెప్పింది, అడిగినోళ్లకందరికి చెప్పింది. గుణం ఏం పోలే.

ఇంకొక్కటి చెప్తే అయిపోతది, కట్టెలు సుత అయిపోయినయి. అవ్వ చూపెట్టిన విషాలల్ల లేనిది ఒకటి ఇప్పుడు మన చేన్లల్ల ఉన్నది. పత్తికి గడ్డిమందు కొడుతున్నరు గదా. కొట్టినంక రెండు వానలు పడితే ఒడ్ల పొంటి నేల ఉసిరి, గలిజేరు మళ్ల మొలుస్తయి. పచ్చగ, లేతగ, కోసుకోబుద్ధయితది. చూస్తే ఏం తెల్వది, వాసన సుత రాదు. చేను గలాయన దగ్గరికి పోవాలె. ఏం మందు కొట్టినవే, ఎప్పుడు కొట్టినవే అని అడగాలె. సిగ్గు పడకు, అడిగితె చెప్తరు, మనోళ్లే.