తుప్పునకు వ్రాసిన శాసనము

సహజవాయువును సున్నకు దిగువ 162 సెంటిగ్రేడు డిగ్రీల వరకు చల్లార్చినచో అది నీటివలె తేటయైన ద్రవమై, తన పూర్వపరిమాణములో 600వ వంతు చోటున ఇముడును. అంతటి శీతలమున తుప్పు పుట్టదు. తుప్పునకు ద్రవరూపమున నున్న నీరు కావలయును. నీరు గడ్డకట్టిన చోట లోహమును తినెడు రసాయనక్రియ దాదాపుగా స్తంభించిపోవును. అట్లుండగా, అమెరికా సంయుక్తరాష్ట్రముల రవాణాశాఖవారు 1980 అక్టోబరులో ద్రవవాయు కర్మాగారముల నిర్వహణకై ప్రకటించిన నిబంధనలలో తుప్పునకు ఒక నియమావళినే కేటాయించి, ఏ భాగమును ఎన్ని నెలలకొకమారు పరీక్షింపవలెనో అంకెలతో సహా నిర్ణయించుట మొదట చదువువారికి వింతగా తోచును. ఈ వింత వెనుక నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. అది శీతలద్రవముతో ఆరంభమైనది కాదు. కొయ్యయోడల అడుగునను, నేలలో పాతిన గొట్టములమీదను ఆరంభమైనది.

ద్రవవాయు కర్మాగారమనగా ఒక శీతలభాండము మాత్రమే కాదు. ద్రవమును దాల్చు లోపలితొట్టి నూటికి 9 పాళ్లు నికెల్ కలిసిన ఉక్కుతో నిర్మింపబడినను, దాని చుట్టు నున్న సామగ్రిలో పెక్కు భాగము సామాన్యమైన ఉక్కే: పునాది బోల్టులు, గొట్టములను మోయు ఆసరాలు, భూమిలో పాతిన అగ్నిమాపక జలనాళములు, ఉప్పుగాలిలో రేయింబవళ్లు నిలిచియుండు జెట్టీ స్తంభములు. వీటన్నిటికంటె చిక్కైనది ఇన్సులేషను క్రింది చోటు. చల్లని గొట్టమునకు చుట్టిన పొరలపై తేమను అడ్డగించు తొడుగు ఎక్కడనైన చినిగినచో, మంచునీరు పోసిన గాజుగ్లాసు వెలుపల చెమర్చినట్లు లోపల తేమ చేరి గడ్డకట్టును. మరమ్మతుకై గొట్టమును ఆపి వెచ్చబరచినపుడు ఆ మంచు కరగి, తొడుగు క్రిందనే నిలిచి, సముద్రపుగాలి తెచ్చిన లవణమును తనలో కలుపుకొని, ఎవరి కంటను పడక తన పని తాను చేసికొనిపోవును. ఎడతెగక చల్లగా నుండు భాగమునకు భయము లేదు. మాటిమాటికి చల్లబడి మరల వెచ్చబడు భాగమే తుప్పునకు నెలవు. పర్యవేక్షకుని కష్టమంతయు ఇందే యున్నది. అతడు చూడవలసినది తొడుగు క్రిందను, నేల లోపలను దాగియున్నది; అతని చేతికి దొరకునది కర్మాగారమువారు వ్రాసియుంచిన పుస్తకము. ఈ విషయమున ప్రభుత్వ పర్యవేక్షణ చరిత్ర, నా యభిప్రాయమున, ఆ పుస్తకము పుట్టి పెరిగిన చరిత్రయే.

లోహక్షయమునకు తొలిమందు కనిపెట్టినవాడు హంఫ్రీ డేవీ. బ్రిటిషు నౌకాదళమువారి కొయ్యయోడల అడుగున తాపిన రాగిరేకులు ఉప్పునీట కరగిపోవుచుండగా, రాగికి ఇనుమునో జింకునో చిన్నముక్కగా తగిలించినచో ఆ ముక్క తాను కరగి రాగిని కాపాడునని 1824లో అతడు నిరూపించెను. సమరాంగ్ అను యోడపై దానిని ప్రయోగించి చూచిరి. రాగి కరగుట మానిన మాట నిజమే. కాని అది కరగి నీట కలియుచుండుటచేతనే యోడ యడుగున నాచును గుల్లలును పట్టకుండెననియు, రాగి క్షేమమైన వెంటనే అవి దట్టముగా పట్టి యోడ నడకను మందగింపజేసెననియు తెలిసి, నౌకాదళమువారు ఆ చికిత్సకు స్వస్తి చెప్పిరి. రాగికి కుదిరిన మందు ఓడకు కుదరలేదు.

శతాబ్దమునకు పైగా మూలబడియున్న ఈ విద్యను పైపులైనులవారు వెలికిదీసిరి. 1928లో న్యూ ఆర్లియన్సు నగరమున రాబర్ట్ కూన్ అను ఇంజనీరు ఒక దూరవాహినియగు వాయునాళమునకు రెక్టిఫైయరు ద్వారా విద్యుత్తు నిచ్చి, రాగి-మైలుతుత్తపు ఎలక్ట్రోడుతో కొలిచినపుడు నాళము పొటెన్షియలు ఋణముగా 0.85 వోల్టునకు చేరినచో తుప్పు ఆగునని చూపెను. ఆ సంఖ్యయే నేటికిని పరీక్షకుల నోట మెలగుచున్నది. 1943లో తుప్పునివారణమే వృత్తిగా గల 11 మంది ఇంజనీర్లు ఒక సంఘముగా ఏర్పడి ప్రమాణములు వ్రాయ నారంభించిరి. కాని ఈ విద్య యంతయు కంపెనీల యిచ్ఛకు లోబడి యుండెను. చేసినవాడు చేసెను, చేయనివానిని అడుగువాడు లేకుండెను.

అడుగువాడు పుట్టుటకు 1965 మార్చి 4వ తేది కావలసివచ్చినది. ఆనాటి ఉదయము ఆరుగంటల ప్రాంతమున లూసియానాలోని నాకటోష్ అను ఊరి సమీపమున 24 అంగుళముల వాయునాళమొకటి పగిలి మండగా 17 మంది మరణించిరి. లోహముపై నున్న ఒత్తిడియు, మన్నునందలి రసాయనముల దాడియు ఏకమై సన్నని పగుళ్లుగా ఉక్కులోనికి దిగినవని తేలెను. మూడేండ్లకు, 1968 ఆగస్టులో, సహజవాయు నాళముల భద్రతాచట్టము వచ్చెను. 1971లో ఆ చట్టము క్రింది నిబంధనలలో తుప్పు నివారణమునకు ఒక ప్రకరణము చేరెను. ద్రవవాయు కర్మాగారముల నియమావళికి ఇది తల్లివంటిదని చెప్పవచ్చును. పదజాలము, పరీక్షల గడువులు, చివరకు వాక్యముల పోకడ కూడ చాలమట్టుకు అక్కడివే.

తండ్రివంటి చరిత్ర వేరొకటి కలదు. అది శీతలద్రవము కలిగించిన మరణముల చరిత్ర. ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లాండు నగరములో ఈస్ట్ ఒహాయో గ్యాస్ కంపెనీవారు 1941లో శీతకాలపు గిరాకీని తట్టుకొనుటకై వాయువును ద్రవముగా నిలువచేయు మూడు గోళములను కట్టి, అవి చక్కగా పనిచేయుట చూచి, యుద్ధకాలపు పరిశ్రమల గిరాకీకై నాలుగవదానిని స్తూపాకారమున నిర్మించిరి. ఉక్కులో నికెల్ నూటికి మూడున్నర పాళ్లు మాత్రమే. తొలిసారి చల్లబరచునపుడే దాని యడుగున పగులు కనబడగా, దానికి మరమ్మతు చేసి వాడుకలో పెట్టిరి. 1944 అక్టోబరు 20, శుక్రవారము మధ్యాహ్నము రెండున్నర దాటిన తరువాత ఆ తొట్టి బ్రద్దలై, ద్రవము వీథులలోనికి పారి, ఆవిరియై మురుగుకాలువలలో జొరబడి, ఇండ్ల నేలమాళిగలలోనుండి పైకి మండినది. కొంతసేపటికి ఒక గోళము కాళ్లు వేడికి కూలి అదియు అగ్నికి ఆహుతియైనది. 130 మంది చనిపోయిరి. 79 ఇండ్లు, రెండు కర్మాగారములు నామరూపములు లేకపోయినవి. మృతులలో 61 మంది ఎవరో గుర్తింపబడలేదు. తీవ్రశీతలమున ఆ యుక్కు గాజువలె పెళుసైనదని తరువాతి ఇంజనీర్లలో పెక్కుమంది తలచిరి. ఇది తుప్పు కాదు. కాని లోహమును నమ్మి నిశ్చింతగా నుండరాదను భయము దీనితోనే ఈ పరిశ్రమలో ప్రవేశించినది. అటుపిమ్మట పదునైదేండ్ల వరకు ద్రవవాయువు పేరెత్తుటకు జనులు జంకిరి. 1959లో మీథేన్ పయనీర్ అను నౌక లూసియానానుండి ఇంగ్లండునందలి కాన్వీ దీవికి సరకు చేర్చినపుడుగాని ఆ జంకు తీరలేదు.

పిదప వచ్చిన రెండు దుర్ఘటనలు చిన్నవో పెద్దవో గాని, నిబంధనల వ్రాతకు అవి మిక్కిలి సన్నిహితములు. 1973 ఫిబ్రవరి 10న న్యూయార్కు నగరపు స్టాటెన్ దీవిలో ఖాళీచేసిన తొట్టి లోపల మరమ్మతు జరుగుచుండగా, లోపలి పొర అంటుకొని కప్పు కూలి 40 మంది మరణించిరి: వాయువు నిండియున్నపుడు కాదు, బాగుచేయుచున్నపుడు. 1979 అక్టోబరు 6న మేరీలాండులోని కోవ్ పాయింటు కేంద్రమున ఒక పంపు యొక్క విద్యుత్తీగల మూతను చాలినంత బిగింపనందున ద్రవము కారి, ఆవిరి భూగర్భమున తీగలు పోవు గొట్టము వెంట విద్యుద్గృహమున ప్రవేశించి ప్రేలగా ఒకరు మరణించి మరియొకరు తీవ్రముగా గాయపడిరి. నిర్వహణమను పనికి వ్రాతపూర్వకమైన విధానము లేనిచో ఏమగునో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేకపోయినది. ఆ నవంబరులోనే చట్టసభ ద్రవవాయు కేంద్రములపై స్పష్టమైన యధికారమును రవాణాశాఖకు ఒసగెను. 1980 ఫిబ్రవరిలో స్థలనిర్ణయము, నిర్మాణములకు సంబంధించిన నిబంధనలును, అక్టోబరులో నిర్వహణ నిబంధనలును వెలువడినవి.

ఆ నియమావళిని చదివినచో కవిత్వము లేదు గాని ఒక మనస్తత్త్వము కలదు. భూమిలో నుండి విద్యుత్ రక్షణ పొందుచున్న ప్రతి భాగమును సంవత్సరమున కొకమారు, రెండు పరీక్షల నడుమ 15 నెలలు మించకుండ పరీక్షింపవలెను. రక్షణవిద్యుత్తు నిచ్చు రెక్టిఫైయరును ఏటికి ఆరుమారులు, రెండున్నర నెలలు దాటకుండ చూడవలెను. గాలివలని తుప్పునకు గురియగు భాగములను మూడేండ్లకు మించని గడువులో, లోపలి తుప్పును కనిపెట్టు సాధనములను ఏటికి రెండుమారులు ఏడున్నర నెలలు దాటకుండ పరీక్షింపవలెను. ఏటికొకమారు అని విడిచిపెట్టినచో ఒకడు ఈ జనవరిలో చూచి మరుసటి యేటి డిసెంబరులో చూచి రెండేండ్ల లెక్క సరిపుచ్చుకొనునని శాసనకర్త యెరుగును. అందుచేతనే ఆ నెలల హద్దు. మానవస్వభావమును ఇంతగా నెరిగి వ్రాసిన వాక్యములు ప్రభుత్వపత్రములలో అరుదు.

అయినను ఆరంభవాక్యము కర్మాగారమువారికి పెద్ద పెత్తన మిచ్చినది. ఏ లోహభాగము తుప్పువలన చెడునో నిర్ణయింపవలసినవాడు నిర్వాహకుడే. అట్లు నిర్ణయించిన భాగమును రక్షించుటయో, లేక నియతకాలమున పరీక్షించి మార్చుటయో చేయవలెను. జాబితాలోనికి ఎక్కని గొట్టము పరీక్షకును ఎక్కదు. ఇట్టి యేర్పాటును విమర్శించుట సులభము. కాని ప్రతి కర్మాగారపు ప్రతి బోల్టును రాజధానిలో కూర్చుండి ఎన్నగల అధికారి ఎచ్చటను లేడు. పర్యవేక్షకుడు కోరవలసినది వ్రాతవిధానము, ఆ విధానము ప్రకారము చేసిన పని యొక్క తేదీ, చేసిన కొలత. విధానము చాలదని తోచినచో దానిని సవరింపుమని ఆజ్ఞాపించు నధికారము ప్రభుత్వమునకు కలదు. అన్నిటికంటె నాకు ముఖ్యమని తోచినది పత్రముల నియమము: తక్కిన మరమ్మతుల లెక్కలు అయిదేండ్లకు తక్కువ కాకుండ దాచిన చాలును గాని, తుప్పునివారణ పరీక్షల లెక్కలును, రక్షిత భాగముల పటములును కర్మాగారము పనిచేయునంత కాలము ఉంచవలెను. తుప్పు ఒక దినమున కనబడునది కాదు. పదియేండ్ల కొలతలను ప్రక్కప్రక్కన పెట్టినపుడు దాని నడక తెలియును. ఉద్యోగి మారును, కంపెనీ చేతులు మారును, పుస్తకము మారరాదు.

కొన్ని ముప్పులు పుస్తకమునకు ముందే వచ్చినవి. అల్జీరియాలోని స్కిక్డా కర్మాగారమున 1973లో అల్యూమినియపు శీతల వినిమయయంత్రములు చిల్లులు పడి చెడిపోగా, భూగర్భమునుండి వాయువుతో వచ్చిన పాదరసము అల్యూమినియమును తినివేసినదని తేలినది. కంటి కానని యంత లేశము; కాని చల్లని యంత్రములో అది ఘనీభవించి పేరుకొని, వెచ్చబడినపుడు కరగి లోహముతో కలియును. నేడు వాయువును చల్లబరచుటకు పూర్వము గంధకముతో పూరితమైన బొగ్గుపొరల గుండా పంపి, ఘనమీటరునకు మైక్రోగ్రాములో నూరవవంతుకంటె తక్కువ పాదరసము మిగులునట్లు చేయుట వాడుక. అమెరికా నిబంధనలోని అంతర్గత తుప్పు వాక్యమున పాదరసము పేరు లేదు. పేరు లేకున్నను పరిశ్రమ దానిని మరువలేదు. దెబ్బతిన్నవారు నేర్చుకొనిన పాఠము కొన్నియెడల చట్టముకంటె ముందు నడచును.

అధికారములు పంచుకొనిన తీరు కూడ విచిత్రమే. స్థలమునకు అనుమతి నిచ్చునది ఫెడరల్ ఇంధన నియంత్రణ సంఘము. ఓడనుండి తొట్టికి ముందున్న చివరి వాల్వు వరకు తీరరక్షకదళము. ఆ పైన రవాణాశాఖ. ఒకే గొట్టమునకు ఇద్దరు యజమానులు. 2022 జూన్ 8న టెక్సాసు తీరమున ఫ్రీపోర్టు కేంద్రములో 18 అంగుళముల ద్రవనాళమొకటి పగిలి మంటలెగసినది. ఎవరికిని ప్రాణహాని లేదు. కారణము తుప్పు కాదు. ఒత్తిడి పెరిగినపుడు తెరచుకొనవలసిన రక్షకవాల్వును పరీక్ష తరువాత నాళమునుండి వేరుపరచియే విడిచిపెట్టుటచే, మూతపడిన నాళములో చిక్కుకొనిన ద్రవము వెచ్చబడి ఉబ్బినది. పరీక్ష జరిగినది, పరీక్షించిన వాల్వు పనికిరాని స్థితిలో మిగిలినది. 1979లో కోవ్ పాయింటు నేర్పిన పాఠమును 43 ఏండ్లకు మరల చదువవలసివచ్చుటలో నిబంధనల బలమెంతయో, బలహీనత యెంతయో తెలియును.

మనదేశమున ద్రవవాయువు దిగుమతి 2004లో గుజరాతులోని దహేజ్ కేంద్రముతో ఆరంభమైనది. 1986లో ఏర్పడిన చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటు ఈ కేంద్రములకు ఒక ప్రమాణమును వ్రాసియున్నది. 2006 చట్టమువలన పుట్టిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు 2018లో సాంకేతిక, భద్రతా నిబంధనలను ప్రకటించినది. తెలుగునాటికి ఈ కథతో సంబంధము ద్రవవాయువు ద్వారా కలుగలేదు, గొట్టము ద్వారా కలిగినది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామమున, తాటిపాకనుండి వాయువును కొనిపోవు గెయిల్ సంస్థ 18 అంగుళముల నాళము పగిలి, కొబ్బరితోటలును ఇండ్లును కాలి, ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పొడివాయువునకై ఉద్దేశింపబడిన ఆ నాళములో నీరును, ద్రవహైడ్రోకార్బనులును కలిసిన తడివాయువు పారుచుండెననియు, అడుగున నిలిచిన నీటివలన లోపలినుండి తుప్పు పట్టినదనియు విచారణలో తేలినది. వాయునాళముల పటిష్ఠతను కనిపెట్టియుండు విధానమును ప్రతి సంస్థయు వ్రాతపూర్వకముగా ఏర్పరచుకొనవలెనను బోర్డువారి నిబంధనలు అప్పటికి రెండేండ్లకు ముందే, 2012లో, ప్రకటింపబడియుండెను.