హింస ఎక్కడ మొదలైంది?

తెలంగాణ సాయుధ పోరాటం గురించి చెప్పినప్పుడల్లా పిల్లలు మమ్మల్ని ఒక మాట అడుగుతారు: "కొట్టుడు తప్పే గదా సార్, మరి మన పెద్దలు ఎందుకు కొట్లాడిండ్రు?" మంచి ప్రశ్న. దాన్ని దాటవేయకుండా మన చరిత్రలోనే జవాబు వెతుకుదాం.

ముందు నల్లమల వైపు చూద్దాం. పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో చెంచులు చిన్న చిన్న పెంటల్లో బతికారు. ఇద్దరి మధ్య తగాదా ముదిరితే ఒక కుటుంబం గుడిసె విడిచి, చుట్టాలున్న మరో పెంటకు వెళ్లిపోయేది. కోపం చల్లారాక తిరిగి రావచ్చు. ఇది పిరికితనం కాదు, నెత్తురు చిందకుండా తగవు తెంచుకునే పద్ధతి. అయితే దీనికి ఒకటి కావాలి: పోవడానికి ఇంకో చోటు ఉండాలి.

నల్లగొండ తండాలకు ఆ చోటు లేకపోయింది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన లంబాడీలు రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం పోగొట్టుకున్నారు. బంజర్లు నరికి, రాళ్లు ఏరి సేద్యానికి దిగారు. పొలం పండటం మొదలయ్యాక దొర వచ్చి నాదన్నాడు. కాగితం ఆయనది, చెమట మనది. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకా ధర్మాపురంలో లంబాడీల భూమి మీద భూస్వామి కన్ను పడింది. తండా కదలలేదు. ఆ పోరులో ముందు నిలిచిన జాటోతు ఠాను నాయక్ 1950లో ప్రాణమిచ్చాడు.

సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది 1947 సెప్టెంబర్ 11న. దానికి ఏడాది ముందే, 1946 జూలై 4న, కడవెండిలో ఊరేగింపులో నడుస్తున్న దొడ్డి కొమరయ్యను దొర మనుషుల తుపాకీ బలితీసుకుంది. అంతకు ముందు తరాల నుంచీ వెట్టి ఉంది. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం, పంట ఎత్తుకుపోవడం కూడా హింసే. రోజూ జరిగేది కాబట్టి దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు. లెక్క తుపాకీ దగ్గర కాదు, వెట్టి దగ్గర మొదలుపెట్టాలి.

అలాగని ఎదురు తిరిగినవాడు చేసిందంతా న్యాయమైపోదు. పంట ఎత్తుకుపోవడానికి వచ్చినవాణ్ణి అడ్డుకోవడం వేరు. ఉత్త అనుమానంతో ఊరి మనిషిని చంపడం వేరు. ఒకే చెయ్యి రెండూ చేయగలదు. తండాలో నాయక్, కార్‌భారీ ఇరుపక్షాల మాట వినకుండా తప్పు వేయరు. కొట్లాట రోజున ఆ కట్టుబాటు మరిచిపోతే మనం దొర దారిలోకే పోతాం.

పిరికితనం, హింస తప్ప మరో దారి లేకపోతే హింసే నయమని గాంధీ కూడా 1920లో రాశాడు. కానీ మూడో దారి వెతకడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఆ దారి కూడా నల్లగొండకే వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు భూమి అడిగితే, వినోబా ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. ఆ దానం గొప్పదే. కానీ చుట్టూ అన్నేళ్ల పోరాటం నడవకపోతే వినోబా ఆ పల్లె దాకా వచ్చేవాడా? అదే ఏడాది అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించారు. సుమారు 4,000 మంది అమరులయ్యారని, 10 లక్షల ఎకరాలు పంచారని సుందరయ్య రాశాడు. ఆ భూమిలో చాలా మళ్లీ పాత చేతుల్లోకి పోయింది.

తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరింది 1976 చట్టంతో. ఠాను నాయక్‌కు ఆ రక్షణ లేదు. ఈనాడు మనకు ఓటుంది, చదువుంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. వేరే దారి ఉన్నప్పుడు చెయ్యెత్తడం తప్పు. ఆ దారులన్నీ మూసి, చెయ్యెత్తినవాణ్ణి మాత్రమే దోషి అనడం అంతకన్నా పెద్ద తప్పు.

అందుకే పిల్లలకు మేము ఒక పని చెబుతున్నాం. మీ తండాలో, మీ పెంటలో ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. ఏ చెలక ఎవరు నరికారో, ఎవరు గుంజుకున్నారో, అప్పుడు మనవాళ్లు ఏం చేశారో అడిగి రాసుకోండి. మనవాళ్ల తప్పులు కూడా రాయండి.