సెకనుకు 13 సార్లు ఊగిన అద్దం

భూమిని పైనుంచి పరిశీలించే విద్యకు జులై చివర్లో రెండు వార్షికోత్సవాలు వస్తాయి. 1972 జులై 23న అమెరికా తొలి ల్యాండ్‌శాట్‌ ఉపగ్రహాన్ని పంపింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ వెళ్లింది. ఈ రెంటి మధ్యకాలంలో చిత్రాల స్పష్టత ఎంత పెరిగిందో అందరూ చెబుతారు. కానీ అసలు సంపద స్పష్టతలో లేదు. ఒకే నేలను నమ్మదగిన కొలతతో, ఏళ్ల తరబడి విడవకుండా చూడటంలో ఉంది. అంతకుముందు శతాబ్దాల్లో అలాంటి చూపు లేదు. మద్రాసు అబ్జర్వేటరీ 1796 నుంచి వాతావరణాన్ని నమోదు చేసింది, కానీ అది ఒక్క చోటి లెక్క. 1858లో ఫ్రాన్స్‌లో ఫొటోగ్రాఫర్ నాడార్ బెలూన్ ఎక్కి ఫొటో తీశాడు. 1960లో టైరోస్-1 ఉపగ్రహం మేఘాలను చూపింది. అయినా నేలమీద ఏటేటా వచ్చే మార్పు ఎవరి లెక్కలోనూ లేకుండానే సాగిపోయింది.

ఆ లోటు తీర్చిన మనిషి వర్జీనియా నార్‌వుడ్. హ్యూజ్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో భౌతిక శాస్త్రవేత్త. ల్యాండ్‌శాట్‌లో ప్రధాన పరికరం టీవీ తరహా కెమెరాలే. ఆమె రూపొందించిన స్కానర్‌ది రెండో స్థానం. సెకనుకు సుమారు 13 సార్లు ఊగే అద్దం నేలను చారలు చారలుగా తడుముతుంది. ఆకుపచ్చ, ఎరుపు, రెండు రకాల పరారుణ కాంతులను విడివిడిగా కొలిచి అంకెలుగా మారుస్తుంది. కదిలే భాగం అంతరిక్షంలో నిలవదని, అలా చారలుగా వచ్చే చిత్రం పటాలకు పనికిరాదని చాలామంది సందేహించారు. సంస్థవాళ్లు నమూనా యంత్రాన్ని ట్రక్కులో కాలిఫోర్నియాలోని యోసెమిటీకి తీసుకెళ్లి, హాఫ్ డోమ్ శిలను చిత్రించి చూపారు. ఉపగ్రహ ప్రయోగం జరిగిన రెండు వారాలకే విద్యుత్ లోపంతో ప్రధాన కెమెరాలను ఆపేయాల్సి వచ్చింది. ఆ అద్దం మాత్రం ఊగుతూనే ఉంది. ఏడాది పనిచేస్తే చాలనుకున్న ఉపగ్రహం 1978 జనవరి దాకా సేవలందించింది. ఆ స్కానర్‌కు నేలమీద 80 మీటర్ల కంటే చిన్నవి విడిగా కనిపించేవి కావు. అయినా దాని విలువ తగ్గదు. ఆరోగ్యంగా ఉన్న ఆకు పరారుణ కాంతిని బలంగా తిప్పికొడుతుంది, నీరు మింగేస్తుంది. ఆ తేడా అంకెల్లో పదిలంగా ఉంది కాబట్టే నాటి చెరువును నేటి చెరువుతో పోల్చగలుగుతున్నాం.

ఉపగ్రహానికి పైపై రంగులే తెలుస్తాయి, నిజం నేలమీదే ఉందని కొందరంటారు. అందులో న్యాయముంది. చిత్రం నీటి విస్తీర్ణం చెబుతుంది, తగ్గడానికి కారణం చెప్పదు. కొల్లేరునే తీసుకుందాం. సరస్సులో చేపల చెరువుల గట్లు గళ్లుగళ్లుగా పరుచుకోవడం ఉపగ్రహ చిత్రాల్లో స్పష్టంగా కనిపించింది. 2006లో ప్రభుత్వం ఆ గట్లను తెగ్గొట్టించింది. అయితే సరస్సు కుంచించుకుపోవడంలో వానల వాటా ఎంత, గట్ల వాటా ఎంత అని తేల్చాలంటే వర్షపాతం లెక్కలు, వాగుల ప్రవాహాల కొలతలు పక్కన ఉండాలి. చిత్రానికి వాతావరణ లెక్క తోడైతేనే సాక్ష్యం నిలుస్తుంది. ఆ లెక్క లేకపోతే వాదనే మిగులుతుంది.

తొలి ల్యాండ్‌శాట్ తర్వాతి కథ సాఫీగా లేదు. 1979లో హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్ కేంద్రం ల్యాండ్‌శాట్ సంకేతాలు అందుకోవడం మొదలుపెట్టింది, 1988లో మన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం వెళ్లింది. అటు అమెరికాలో చిత్రాలను వ్యాపారానికి అప్పగించారు. ఒక్కోదానికి వేల డాలర్లు పలికిన రోజుల్లో పరిశోధకులు వెనక్కి తగ్గారు. 1993లో ల్యాండ్‌శాట్-6 కక్ష్య చేరలేదు. అంతకుముందే 1984లో వెళ్లిన ల్యాండ్‌శాట్-5 దాదాపు మూడు దశాబ్దాలు పనిచేయకుంటే వరుస తెగిపోయేదే. 2008లో చిత్రాల నిల్వ మొత్తాన్ని ఉచితం చేశాకే ఆ సంపద లోకానిదైంది. కొత్త ఉపగ్రహానికి డబ్బు ఇచ్చే ప్రభుత్వాలు పాత చిత్రాలను కాపాడటానికీ, వానమాపకాలను నడపడానికీ అంతే శ్రద్ధతో ఇవ్వాలి. ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా ఆ చిత్రాలను తెరిచి చూడవచ్చు. కాలేజీ విద్యార్థులు తమ ఊరి చెరువు పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి, వానల లెక్కతో సరిపోల్చి, గ్రామసభ ముందు ఉంచాలి.